తెల్లమచ్చకూ కొవ్వుకూ చుట్టరికమా?

బొల్లి... చర్మం మీద కనిపించే సమస్య. కొలెస్ట్రాల్... నెత్తురులో దాగి ఉండే సమస్య. ఈ రెండింటికీ ఏదో లంకె ఉందని పరిశోధకులు అనుమానిస్తున్నారు. ఆ అనుమానంలో నిజమెంత? దాంతో మనకేం పని?

'చేపల కూర తిన్న పూట పాలు ముట్టుకోకు, బొల్లి వస్తుంది!'

తెలుగునాట ఈ మాట వినని ఇల్లు అరుదు. మచ్చ కనిపించాక ఆంక్షలు ఇంకా పెరుగుతాయి. పులుపు మానేయమంటారు ఒకరు. పెరుగు వద్దంటారు ఇంకొకరు. తెల్లగా ఉన్నదేదీ తినకూడదంటారు మరొకరు. నిమ్మకాయ, చింతపండు, మజ్జిగ, గుడ్డు... మచ్చ వచ్చిన పిల్ల కంచంలోంచి ఒక్కొక్కటే మాయమైపోతాయి. మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంటుంది!

నిజానికి ఈ పథ్యాల్లో ఏ ఒక్కదానికీ శాస్త్రీయ ఆధారం లేదు. పెరుగు పులుసులో చేపలు వండుకోవడం బెంగాలీలకు తరతరాలుగా అలవాటు. అంతమాత్రాన వాళ్లందరికీ మచ్చలు రాలేదు కదా! అందుకే చర్మవైద్యులు 'తిండికీ బొల్లికీ సంబంధం లేదు, పిల్లల్ని కడుపునిండా తిననివ్వండి' అని చెబుతూ వస్తున్నారు. ఇప్పటికీ అదే చెబుతున్నారు.

అయితే ఈమధ్య వాళ్లే ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నారు... 'లిపిడ్ ప్రొఫైల్ ఎప్పుడైనా చేయించుకున్నారా?' అని. మచ్చకు మందు కోసం వెళితే కొవ్వు సంగతెందుకు? ఆ ప్రశ్న వెనుక చాలా కథే ఉంది.

సొంత సైన్యమే శత్రువైతే...

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసేవి మెలనోసైట్లనే రంగు కణాలు. నలుపైనా తెలుపైనా మనుషులందరిలో వీటి సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా అవి చేసే రంగు మోతాదులో, తీరులో ఉంటుంది. ఒక్కో రంగు కణం తన చుట్టుపక్కలున్న ముప్పై, నలభై చర్మకణాలకు రంగు పంచుతుంది. అది చచ్చిపోతే ఆ ఇళ్లన్నిటికీ సరఫరా బంద్. అక్కడ చర్మం తెల్లబడుతుంది. అదే బొల్లి.

మరి ఆ కణాన్ని చంపేదెవరు? బయటి క్రిమి కాదు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే! టి-కణాలనే సైనికులు రంగు కణాలను పరాయివని పొరబడి వేటాడతాయి. వేటాడుతూ గామా ఇంటర్‌ఫెరాన్ అనే రసాయన సంకేతాన్ని వదులుతాయి. అది అందుకున్న చర్మకణాలు మరిన్ని టి-కణాలను అక్కడికి రప్పిస్తాయి. మచ్చ పెరిగేది అలాగే. ఇలా ఒంటి మీద ఒళ్లే దాడిచేసే జబ్బుల్ని ఆటో ఇమ్యూన్ వ్యాధులంటారు. థైరాయిడ్ సమస్యల్లో కొన్ని, చిన్నపిల్లలకొచ్చే టైప్-1 మధుమేహం, పేనుకొరుకుడు... ఇవన్నీ ఆ కుటుంబమే. అందుకే బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ సమస్య మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి రెండు శాతం మందికి బొల్లి ఉంటుందని అంచనా. సుమారు సగం మందిలో ఇరవై ఏళ్లలోపే మొదలవుతుంది. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది కానీ తప్పకుండా వస్తుందని లేదు. ఒకే రూపం, ఒకే జన్యువులున్న కవలల్ని పరిశీలించిన 2003 నాటి అధ్యయనంలో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికీ ఉన్నది 23 శాతం జంటల్లోనే. అంటే జన్యువులకు తోడు మరేదో కూడా కారణమవుతోందన్నమాట. ఆ 'మరేదో' కోసం వెతుకుతూ వెళ్లినవాళ్లలో కొందరు కొవ్వు దగ్గర ఆగారు.

బస్సుకో డ్రైవరు!

నీళ్లలో నూనె కలవదు. నెత్తురులో కొవ్వూ అంతే. కాలేయం నుంచి కణాలకూ, కణాల నుంచి కాలేయానికీ అది ప్రయాణం చేయాలంటే వాహనం కావాలి. ఆ వాహనాలే లైపోప్రొటీన్లు. లోపల కొవ్వు, పైన ప్రొటీన్ల తొడుగు. ఎల్‌డీఎల్ అనే వాహనం కొలెస్ట్రాల్‌ను ఒళ్లంతా పంచిపెడుతుంది. సరుకు ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో దించేసి పోతుంది. అందుకే దానికి 'చెడ్డ కొలెస్ట్రాల్' అని పేరు. హెచ్‌డీఎల్ మిగులు కొవ్వును తిరిగి కాలేయానికి మోసుకొస్తుంది. అది 'మంచి కొలెస్ట్రాల్'.

ఈ వాహనాల తొడుగులో ఉండే ప్రొటీన్లకు అపోలైపోప్రొటీన్లని పేరు. ఎల్‌డీఎల్ మీద ఉండేది అపో-బి. హెచ్‌డీఎల్ మీద ప్రధానంగా ఉండేది అపో-ఎ1. ఇక్కడో చిత్రం ఉంది. ఒక్కో ఎల్‌డీఎల్ రేణువు మీద అపో-బి ఒక్కటే ఉంటుంది... బస్సుకు ఒక్కడే డ్రైవరున్నట్టు! డ్రైవర్లను లెక్కపెడితే రోడ్డు మీద ఎన్ని బస్సులున్నాయో తెలిసిపోతుంది. మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష సరుకు బరువు చెబుతుంది. అపో-బి పరీక్ష బండ్ల లెక్క చెబుతుంది.

గుండె విషయంలో ఈ లెక్క ఎంత ముఖ్యమో 2004లో వెలువడిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనం తేల్చింది. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన హృద్రోగ నిపుణుడు డాక్టర్ సలీం యూసుఫ్ ఆధ్వర్యంలో 52 దేశాల్లో జరిగిందది. గుండెపోటు ముప్పును పట్టిచ్చే అంశాల్లో అపో-బి, అపో-ఎ1ల నిష్పత్తి ముందు వరసలో నిలిచింది. ఆ అధ్యయనంలోనే మనల్ని ఉలిక్కిపడేలా చేసే విషయం ఇంకొకటుంది. భారత్‌తో సహా దక్షిణాసియా దేశాల్లో తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. మిగతా దేశాల్లో అది 59 ఏళ్లకు దగ్గర. అంటే మచ్చ ఉన్నా లేకపోయినా కొవ్వు లెక్క చూసుకోవాల్సినవాళ్లం మనం!

ఆసుపత్రి లెక్కల్లో ఏముంది?

ఒంట్లో ఎక్కడో ఒకచోట ఏళ్ల తరబడి మంట రగులుతుంటే దాని సెగ గుండెకూ తగులుతుంది. సోరియాసిస్ విషయంలో ఇది రుజువైంది. తీవ్రమైన సోరియాసిస్ ఉన్న యువకుల్లో గుండెపోటు ముప్పు ఎక్కువని 2006లోనే పెద్ద అధ్యయనమొకటి తేల్చింది. మరి బొల్లి సంగతేమిటి?

ఆ ప్రశ్నతోనే ఈజిప్టు, ఇరాన్, టర్కీ, కొరియా, భారత్ వంటి దేశాల వైద్యులు తమ దగ్గరకొచ్చే బొల్లి రోగుల నెత్తురును మామూలువాళ్ల నెత్తురుతో పోల్చి చూశారు. కొన్నిచోట్ల ట్రైగ్లిజరైడ్లు, ఎల్‌డీఎల్ ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా కనిపించాయి. నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు పెరిగి హెచ్‌డీఎల్ తగ్గే 'మెటబాలిక్ సిండ్రోమ్' కూడా బొల్లి రోగుల్లో ఎక్కువేనని పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెప్పాయి. మచ్చలు ఎక్కువ భాగం పరుచుకున్నవారిలో, ఏళ్ల తరబడి ఉన్నవారిలో ఈ తేడా ఇంకా స్పష్టంగా ఉందన్నవారూ ఉన్నారు. కానీ తేడా ఏమీ కనిపించలేదన్న అధ్యయనాలూ లేకపోలేదు. పైగా వీటిలో చాలావరకు ఒకే ఆసుపత్రిలో, కొద్దిమందితో చేసినవి.

కాబట్టి 'లంకె ఉండొచ్చు' అనడం వరకే న్యాయం. 'కొవ్వు వల్లే బొల్లి' అనేస్తే చేపలూ పాల కథకు ఇంకో కొత్త రూపం కట్టినట్టే.

విత్తు ముందా... చెట్టు ముందా?

రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకదానికి ఇంకొకటి కారణమైపోదు. బొల్లి రోగి నెత్తురులో కొవ్వు పెరగడానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

థైరాయిడ్‌నే తీసుకోండి. బొల్లితో పాటు అది కూడా మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. కారణం థైరాయిడ్... నింద మచ్చ మీద! ఇక మందులు. మచ్చలు వేగంగా పాకుతున్నప్పుడు డాక్టర్లు కొన్నాళ్లు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అవి బరువునూ, కొవ్వునూ పెంచగలవు. మూడోది మనసు. మొహం మీద మచ్చ వచ్చిన అమ్మాయి ఆటలు మానేస్తుంది. సాయంత్రం నడకకు వెళ్లదు. పెళ్లిళ్లకు రాదు. గదిలో కూర్చుని దిగులుతో తింటే ఒంట్లో కొవ్వు పెరగదా?

ఈ చిక్కుముడి విప్పడానికి శాస్త్రవేత్తలు ఒక తెలివైన ఉపాయం పట్టారు. కొందరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ లేదా అపో-బి కాస్త ఎక్కువగా ఉండే జన్యువులొస్తాయి. కొందరికి తక్కువగా ఉండేవి వస్తాయి. అది లాటరీ లాంటిది. తిండి, థైరాయిడ్, దిగులు వంటివి ఆ లాటరీని మార్చలేవు. మరి ఎక్కువ కొవ్వు జన్యువులు దక్కినవాళ్లలో బొల్లి కూడా ఎక్కువగా ఉంటే? అప్పుడు కొవ్వును అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. ఈ పద్ధతికి 'మెండీలియన్ రాండమైజేషన్' అని పేరు. లక్షలమంది జన్యు వివరాలు కంప్యూటర్లకెక్కాక ఇది సులువైంది. కొవ్వు ప్రొటీన్లకూ బొల్లికీ మధ్య కూడా ఇలాంటి లెక్కలు వేశారు. ఫలితాలన్నీ ఒకేమాట చెప్పడం లేదు. పైగా ఆ జన్యు వివరాలు ఎక్కువగా ఐరోపా సంతతివాళ్లవి. మన నెత్తురులో కొవ్వు తీరే వేరు... మనవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. వాళ్ల లెక్క మనకు యథాతథంగా సరిపోతుందనుకోలేం.

దారులు ఎక్కడ కలుస్తాయి?

లెక్కలు తేలకపోయినా అనుమానం ఎందుకు పోవడం లేదు? ఎందుకంటే ఒంటి లోపల ఈ రెండు దారులూ కలిసే కూడళ్లు ఉన్నాయి.

మొదటిది... తుప్పు. ఇనుముకు తుప్పు పట్టినట్టే కణాలకూ ఆక్సీకరణ దెబ్బ తగులుతుంది. మెలనిన్ తయారీలోనే అలాంటి రసాయనాలు పుడతాయి కాబట్టి రంగు కణాలు మొదటినుంచీ ఈ విషయంలో బలహీనమైనవి. బొల్లి రోగుల చర్మంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకుపోతున్నట్టు పరిశోధకులు గుర్తించారు. దెబ్బతిన్న కణం పెట్టే కేకలే టి-కణాలను అటు రప్పిస్తాయి. ఇక హెచ్‌డీఎల్ మోసేది కొవ్వునొక్కదాన్నే కాదు. తుప్పును అడ్డుకునే పారాక్సొనేజ్ అనే ఎంజైమునూ వెంట తీసుకెళుతుంది. ఒంట్లో దీర్ఘకాలం మంట ఉంటే హెచ్‌డీఎల్‌కు ఆ కాపలా శక్తి తగ్గిపోతుంది.

రెండోది... పొట్ట దగ్గర పేరుకున్న కొవ్వు. అది ఊరికే పడి ఉండదు. మంటను రేపే రసాయనాలను నెత్తురులోకి వదులుతూనే ఉంటుంది.

మూడోది అన్నిటికంటే ఆసక్తికరం. మందు ఆపగానే పాతచోటే మచ్చ మళ్లీ ఎందుకు వస్తుంది? దాడిచేసిన టి-కణాల్లో కొన్ని వెళ్లిపోకుండా అదే చర్మంలో కాపురం పెట్టేస్తాయి కాబట్టి. వీటిని 'జ్ఞాపక కణాలు' అంటారు. చర్మంలో ఉండే ఈ కణాలు బతకడానికి చుట్టూ ఉన్న కొవ్వు ఆమ్లాలను పీల్చుకుంటాయని 2017లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. ఆ ఆహారం అందకుండా చేస్తే అవి ఎక్కువకాలం నిలవలేదు. అది బొల్లి మీద చేసిన ప్రయోగం కాదు. కానీ ఆ మెలిక చూశాక బొల్లి పరిశోధకుల చూపు కొవ్వు వైపు తిరగడంలో వింతేముంది?

ఎలుకల్లో గెలిచి... మనుషుల్లో ఓడి!

సరే, కొవ్వును తగ్గించే మాత్ర వేస్తే మచ్చ పోతుందా? ఈ ప్రయోగమూ జరిగింది.

కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు బూజులోంచి పుట్టాయి. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల శిలీంధ్రాలను జల్లెడపట్టి 1970ల మొదట్లో తొలి స్టాటిన్‌ను కనిపెట్టారు. ఈ మందులకు కొవ్వు తగ్గించడంతో పాటు మంటను చల్లార్చే గుణమూ కొంత ఉంది. 2004లో కెనడా వైద్యులు ఒక రోగి గురించి రాశారు. కొలెస్ట్రాల్ కోసం సిమ్వాస్టాటిన్ ఎక్కువ మోతాదులో వాడుతుంటే అతని తెల్లమచ్చలు తగ్గాయట! ఒక్కరి అనుభవమే అయినా ఆశ రేపింది.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాన్ హారిస్ బృందం దీన్ని ఎలుకల్లో పరీక్షించింది. బొల్లి తెప్పించిన ఎలుకలకు సిమ్వాస్టాటిన్ ఇస్తే మచ్చలు ఆగాయి. పోయిన రంగు కూడా తిరిగొచ్చింది. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మనుషుల్లోనూ చిన్న పరీక్ష పెట్టారు. 15 మందిని తీసుకుని కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నెల రోజులు 40 మిల్లీగ్రాములు, తర్వాత ఐదు నెలలు 80 మిల్లీగ్రాములు. 2017లో ఫలితం వచ్చింది... మాత్రతో ప్రయోజనం కనిపించలేదు! ఆ మరుసటి ఏడాది వెలువడిన ఇంకో పరీక్షలో అతినీలలోహిత కాంతి చికిత్సకు అటోర్వాస్టాటిన్ జోడించి చూశారు. మాత్ర వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఎలుకలకు బరువును బట్టి ఇచ్చిన మోతాదు మనుషులకు ఇవ్వలేం. 80 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్‌తో కండరాలు దెబ్బతినే ప్రమాదముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. కాబట్టి 'కొలెస్ట్రాల్ మాత్రతో బొల్లి మాయం' అని ఎవరైనా చెబితే నమ్మకండి. గుండె కోసం డాక్టరు రాసిచ్చిన స్టాటిన్ అయితే మానకండి కూడా. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

మరి పనిచేసేవేవి?

బొల్లికి మందే లేదన్న మాట పాతబడిపోయింది. పైపూత మందులున్నాయి. 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో చేసే చికిత్స ఉంది. మచ్చ ఏడాదికి పైగా పాకకుండా నిలకడగా ఉంటే మామూలు చర్మంలోంచి రంగు కణాలను తీసి అక్కడ నాటే శస్త్రచికిత్సా ఉంది. కాంతి చికిత్స మూలాలు మన దగ్గరే ఉన్నాయి. బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో పాత పద్ధతి. వాటిలోని సోరాలెన్లు ఎండతో కలిసి పనిచేస్తాయని తర్వాత తెలిసింది. అలాగని ఇంట్లోనే ప్రయోగాలు చేస్తే చర్మం బొబ్బలెక్కుతుంది, జాగ్రత్త!

టి-కణాల సంకేతాలను అడ్డుకునే 'జాక్' నిరోధకాలు కొత్త తరం మందులు. వీటిలో రుక్సోలిటినిబ్ క్రీముకు 2022 జులైలో అమెరికా అనుమతి లభించింది. పన్నెండేళ్లు దాటినవారికి వాడొచ్చు. పరీక్షల్లో ఆరు నెలలకు సుమారు 30 శాతం మందికి మొహంలో పోయిన రంగులో ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. ఇక్కడా కొవ్వు కథ మళ్లీ తగులుతుంది. ఇదే జాతి మందుల్ని మాత్రలుగా మింగితే నెత్తురులో కొలెస్ట్రాల్ పెరగొచ్చు. అందుకే వీటిని మొదలుపెట్టే ముందూ తర్వాతా లిపిడ్ ప్రొఫైల్ చేయిస్తారు. గుండె ముప్పు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త పడతారు. మందుల షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదిది.

ఇంటిల్లిపాదికీ...

బొల్లి అంటువ్యాధి కాదు. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. 'తెల్ల కుష్ఠు' అన్న పేరే తప్పు. ఆ ఒక్క పేరు ఎన్ని పెళ్లి సంబంధాలు చెడగొట్టిందో! పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్ తనకు బొల్లి ఉందని 1993లో టీవీలో చెబితే చాలామంది నమ్మలేదు. 2009లో ఆయన చనిపోయాక శవపరీక్షలో అది నిజమని తేలింది. ఆయన మరణించిన జూన్ 25నే 2011 నుంచీ ప్రపంచ బొల్లి దినంగా జరుపుకుంటున్నారు.

కొవ్వు పరిశోధనల నుంచి మన ఇళ్లకు అందే కబురు చిన్నదే కానీ పనికొచ్చేది. మచ్చను ఒక్క చర్మానికే వదిలేయకుండా మనిషిని మొత్తంగా చూడమంటోంది. నెత్తురులో కొవ్వు తగ్గితే మచ్చ పోతుందన్న హామీ లేదు. కానీ మచ్చ పేరు చెప్పి చేయించుకున్న పరీక్షలో దాగి ఉన్న కొలెస్ట్రాల్, థైరాయిడ్, చక్కెర బయటపడితే గుండెకు మేలే కదా!

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు...

* థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారో చెప్పండి. ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్, టైప్-1 మధుమేహం, పేనుకొరుకుడు ఉంటే అదీ చెప్పండి.

* పెద్దవాళ్లయితే లిపిడ్ ప్రొఫైల్, పరగడుపు చక్కెర, రక్తపోటు చూపించుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 దాటాలి. వంశంలో చిన్న వయసులో గుండెపోట్లుంటే అపో-బి పరీక్ష అవసరమేమో అడగండి.

* నడుము కొలవండి. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే.

* ఇంతకుముందు వాడిన స్టెరాయిడ్లు, నాటుమందులు, పూతలు... అన్నీ దాచకుండా చెప్పండి.

* పిల్లలకు పథ్యాలు పెట్టొద్దు. ఎదిగే వయసులో పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, పండ్లు మానిపిస్తే నష్టమే. తగ్గించాల్సింది వేపుళ్లు, చిరుతిళ్లు, మరిగించిన నూనెను మళ్లీ మళ్లీ వాడటం. అది కూడా ఒక్క పిల్లకే కాదు, ఇంట్లో అందరికీ.

* మచ్చలు కనపడతాయని ఆటలు మాన్పించకండి. మచ్చల మీద సన్‌స్క్రీన్ రాసి, ఎండ తగ్గాక మైదానానికి పంపండి.